కొత్త పడవ ఇంజిన్‌ రన్నింగ్‌

కొత్త పడవకు బిగించిన ఇంజిన్‌ను మొదటి కొన్ని గంటలు కంపెనీ పుస్తకం చెప్పిన వేగంతో, తగిన బరువుతో, సరైన ఆయిల్‌తో నడిపి లోపలి భాగాలు ఒకదానికొకటి సర్దుకునేలా చేయడాన్ని రన్నింగ్‌ అంటారు. కొత్త ట్రాక్టర్‌, కొత్త మోటార్‌సైకిల్‌, పిస్టన్‌ మార్పించిన ఆయిల్‌ ఇంజిన్‌ విషయంలో తెలంగాణ రైతులకూ మెకానిక్‌లకూ ఈ పని పాతదే. పడవ విషయంలో మాత్రం దీనికి తగినంత శ్రద్ధ దక్కడం లేదు. రోడ్డు మీద ఇంజిన్‌ ఆగితే బండిని పక్కకు తోసుకోవచ్చు. నిండు ప్రవాహంలో ఆగితే పడవ సరంగు అదుపు తప్పి నీటి అదుపులోకి పోతుంది. జనగామ, మహబూబాబాద్‌, జయశంకర్‌ భూపాలపల్లి జిల్లాల నీటి వనరులను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి చరిత్రనూ, శాస్త్రాన్నీ, ఆచరణనూ ఈ వ్యాసం వివరిస్తుంది.

మూడు జిల్లాల నీళ్లు, పడవలు

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబర్‌ 11న ఏర్పడ్డాయి. వీటిలో ఎక్కువ భాగం ఉమ్మడి వరంగల్‌ జిల్లాది. కాళేశ్వరం, మహదేవపూర్‌ ప్రాంతం మాత్రం ఉమ్మడి కరీంనగర్‌ నుంచి భూపాలపల్లిలో కలిసింది. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయి వేరే జిల్లా అయింది. దాంతో లక్నవరం, రామప్ప చెరువులు ములుగు పరిధిలోకి వెళ్లాయి. కాకతీయుల నాటి గణపసముద్రం భూపాలపల్లి జిల్లాలోని ఘనపురంలోనే ఉంది.

పడవల దృష్టితో చూస్తే మూడు జిల్లాలూ మూడు తీర్లు. భూపాలపల్లికి గోదావరి ఉంది. కాళేశ్వరం వద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరోంచ. వంతెన వచ్చేదాకా ఇరు ఒడ్ల రాకపోకలకు పడవలే ఆధారం. పుష్కరాల రోజుల్లో ఈ రేవులో రద్దీ ఎంతో పెరుగుతుంది. 2015 జూలైలో గోదావరికి, 2022 ఏప్రిల్‌లో ప్రాణహితకు, 2025 మేలో సరస్వతికి ఇక్కడ పుష్కరాలు జరిగాయి.

మహబూబాబాద్‌ వాగుల జిల్లా. ఆకేరు, మున్నేరు, పాలేరు ఏడాదిలో ఎక్కువ కాలం సన్నగా పారి, వానాకాలంలో ఒక్క రాత్రిలో పోటెత్తుతాయి. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు ఈ జిల్లాలోనే ఉంది. జనగామది మెట్ట నేల. అక్కడి రిజర్వాయర్లకు నీళ్లు గోదావరి నుంచి జె.చొక్కారావు దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా వస్తాయి. స్టేషన్‌ ఘనపూర్‌, అశ్వరావుపల్లి, చీటకోడూరు రిజర్వాయర్లు ఆ కోవలోవే.

ఈ చెరువుల్లో చేపలు పట్టేవారిలో ఎక్కువమంది తెప్ప, పుట్టి, థర్మకోల్‌ తెప్పల మీదే పని కానిస్తారు. వాటికి ఇంజిన్‌ అక్కర్లేదు. ఇంజిన్‌ పడవలు ప్రధానంగా మూడు చోట్ల కనిపిస్తాయి: నది రేవుల్లో, పర్యాటక చెరువుల్లో, వరద సహాయక బృందాల దగ్గర. ఈ మూడింటి అవసరాలు వేరు. రేవు పడవ రోజూ బరువు మోస్తుంది. పర్యాటక పడవ నిదానంగా చెరువు చుట్టి వస్తుంది. వరద పడవ నెలల తరబడి షెడ్డులో ఉండి, ఒక్కరోజు పూర్తి శక్తితో పనిచేయాలి. రన్నింగ్‌ సరిగా జరగకపోతే నష్టం మూడింటికీ ఉంది. ప్రాణాల మీదికి వచ్చేది మాత్రం మూడో దాని విషయంలోనే.

చరిత్ర

జర్మనీలో గాట్‌లీబ్‌ డైమ్లర్‌ 1886లో నెకర్‌ నదిలో పెట్రోల్‌ ఇంజిన్‌తో పడవ నడిపాడు. పడవ వెనుక చెక్కకు తగిలించే అవుట్‌బోర్డ్‌ మోటారును నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్‌ 1909 నుంచి విస్తృతంగా అమ్మాడు. ఆనాటి తయారీలో సిలిండర్‌ లోపలి గోడ నునుపు, పిస్టన్‌ కొలత ఇప్పటంత కచ్చితంగా ఉండేవి కావు. అందుకే కొత్త ఇంజిన్‌ను చాలాకాలం నెమ్మదిగా నడిపి అరగదీసే అలవాటు ఏర్పడింది. కొత్త ఇంజిన్‌ను ఎంత మెల్లగా నడిపితే అంత మంచిదనే నమ్మకానికి మూలం అదే.

గోదావరి ఎగువన యంత్రపు పడవల ఆలోచన అంతకన్నా పాతది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించిన సర్‌ ఆర్థర్‌ కాటన్‌ ప్రేరణతో, ఇంజనీర్‌ హేగ్‌ ఆధ్వర్యంలో 19వ శతాబ్దం మధ్యలో గోదావరిని మధ్య భారతం దాకా ఆవిరి పడవల దారిగా మార్చే పథకం సాగింది. దారిలో మూడు చోట్ల రాతి అడ్డంకులున్నాయి. మొదటిది దుమ్ముగూడెం. రెండోది ఇచ్చంపల్లి; అది నేటి భూపాలపల్లి జిల్లా తీరంలోనే ఉంది. మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. ఖర్చు పెరిగి, రైళ్లు రావడంతో 1871లో ఆ పథకాన్ని వదిలేశారు. 2016 నాటి జాతీయ జలమార్గాల చట్టం గోదావరిలో భద్రాచలం నుంచి నాసిక్‌ వరకు ఉన్న భాగాన్ని 4వ జాతీయ జలమార్గంలో చేర్చింది. అలా కాళేశ్వరం, ఇచ్చంపల్లి తీరాలు చట్టరీత్యా మళ్లీ పడవల దారిలోకి వచ్చాయి.

చేపల పడవలకు ఇంజిన్‌ బిగించే ప్రయత్నం మన దేశంలో 1950ల్లో ఊపందుకుంది. 1952 ఒప్పందంతో కేరళలో మొదలైన ఇండో-నార్వేజియన్‌ ప్రాజెక్టు అందులో ముఖ్యమైనది. 1980ల్లో బే ఆఫ్‌ బెంగాల్‌ ప్రోగ్రామ్‌ కింద ఆంధ్ర తీరంలో అలల మీదుగా నేరుగా ఇసుక ఒడ్డుకు చేరగల డీజిల్‌ పడవలను రూపొందించి పరీక్షించారు. కోస్తాలో తరతరాలుగా సముద్రం మీద బతికిన మత్స్యకారులకు ఇంజిన్‌ రన్నింగ్‌ అనుభవంతో అబ్బింది. తెలంగాణ చెరువులకు ఇంజిన్‌ పడవ ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఇక్కడ ఆ అనుభవాన్ని పుస్తకం చూసి, శిక్షణ పొంది సంపాదించుకోవాలి.

ఇంజిన్‌ లోపల జరిగేది

కొత్త సిలిండర్‌ గోడ చూడటానికి నున్నగా ఉన్నా, హానింగ్‌ రాయితో గీసిన సన్నని అడ్డగీతలు దాని నిండా ఉంటాయి. ఆ గీతల్లో ఆయిల్‌ నిలుస్తుంది. గీతల అంచులు సూక్ష్మమైన గట్లలా లేచి ఉంటాయి. పిస్టన్‌ రింగులు పైకీ కిందికీ కదిలేటప్పుడు ఈ గట్ల కొనలు అరిగి చదునవుతాయి. లోతైన గీతలు ఆయిల్‌ కోసం అలాగే మిగులుతాయి. రింగు అంచు కూడా గోడ ఆకారానికి తగ్గట్టు అరుగుతుంది. మెకానిక్‌లు రింగులు కూర్చోవడం అనేది దీన్నే.

రింగును గోడకు నొక్కేది దాని స్ప్రింగు గుణం ఒక్కటే కాదు. సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడు పుట్టే వాయువు రింగు వెనుక గాడిలోకి చేరి దాన్ని బయటికి నెడుతుంది. ఇంజిన్‌ మీద బరువు పడితే ఈ ఒత్తిడి పెరుగుతుంది; రింగు గోడను గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. బరువు లేకుండా ఖాళీగా తిప్పితే ఒత్తిడి చాలదు. రింగు ఆయిల్‌ పొర మీద జారుతూ పోతుంది. ఆ ఆయిల్‌ వేడికి కాలి గోడ మీద గాజులాంటి పూతగా పేరుకుంటుంది. అది అడ్డగీతలను పూడ్చేస్తే తరువాత ఎంత నడిపినా రింగులు కూర్చోవు. ఇంజిన్‌ ఆయిల్‌ తాగుతుంది, నీలి పొగ వదులుతుంది, బలం తగ్గుతుంది. ఆ దశలో సాధారణంగా ఇంజిన్‌ విప్పి, మళ్లీ హానింగ్‌ చేసి, కొత్త రింగులు వేయాల్సి వస్తుంది.

రెండో ప్రమాదం దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఉంది. మొదటి నిమిషాల్లోనే ఫుల్‌గా లాగిస్తే గట్ల కొనల దగ్గర రాపిడి వేడి ఒకేచోట పోగవుతుంది. ఆయిల్‌ పొర తెగి, పిస్టన్‌ మీదా గోడ మీదా గీతలు పడతాయి. తీవ్రమైతే పిస్టన్‌ పట్టేస్తుంది. కాబట్టి రన్నింగ్‌ అంటే మెల్లగా నడపడమూ కాదు, దంచి నడపడమూ కాదు. బరువును మెట్టుమెట్టుగా పెంచుతూ, ఒకే వేగం మీద ఉంచకుండా మారుస్తూ నడపడం.

రింగులతో పాటు బేరింగులు, వాల్వులు, గేరు పళ్లు కూడా ఈ గంటల్లోనే సర్దుకుంటాయి. రాలిన లోహపు పొడి ఆయిల్‌లో, ఫిల్టర్‌లో చేరుతుంది. మొదటి ఆయిల్‌ మార్పు త్వరగా చేయమనడానికి కారణం అదే.

పడవ ఇంజిన్‌ తేడా

కారు లేదా బైకు నడుస్తున్నప్పుడు దిగువ వాలులో, బ్రేకు వేసినప్పుడు ఇంజిన్‌కు విశ్రాంతి దొరుకుతుంది. పడవకు ఆ వెసులుబాటు లేదు. ప్రొపెల్లర్‌ నీటిని నెట్టినంతసేపూ ఇంజిన్‌ మీద బరువు ఉంటుంది. ఆ బరువు వేగంతో సమానంగా పెరగదు. ప్రొపెల్లర్‌ కోరే శక్తి దాదాపు చుట్ల ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. అంటే చుట్లు సగమైతే కావలసిన శక్తి సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే చెరువులో నిదానంగా చక్కర్లు కొట్టే పడవ ఇంజిన్‌ శబ్దం చేస్తున్నా, లోపల దాని మీద బరువు చాలా తక్కువ.

మన పర్యాటక చెరువుల్లో అసలు చిక్కు ఇక్కడుంది. పిల్లాపాపలతో నిండిన పడవను వేగంగా నడపకూడదు. అది సరైన నియమం. కానీ కొత్త ఇంజిన్‌ను మొదటి రోజు నుంచే ప్రయాణికుల చక్కర్లకు పెడితే రింగులు కూర్చోవడానికి కావలసిన ఒత్తిడి ఎప్పటికీ రాదు. రన్నింగ్‌ గంటలను ప్రయాణికులు లేకుండా, విడిగా, విశాలమైన నీటిలో పూర్తి చేయాలి. మనుషుల బదులు ఇసుక బస్తాలు వేసుకుంటే బరువూ సరిపోతుంది, భద్రతా ఉంటుంది.

డ్రమ్ములో నీళ్లు పోసి అవుట్‌బోర్డ్‌ను తిప్పడం రన్నింగ్‌ కిందికి రాదు. స్టార్ట్‌ అవుతుందో లేదో చూసుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది. డ్రమ్ము నీరు త్వరగా వేడెక్కుతుంది. ప్రొపెల్లర్‌ మీద నిజమైన బరువు పడదు.

ఇంజిన్‌ రకాలు

మన నీళ్లలో కనిపించే పడవ ఇంజిన్‌లు స్థూలంగా నాలుగు రకాలు.

మొదటిది రెండు స్ట్రోకుల పెట్రోల్‌ అవుట్‌బోర్డ్‌. ఇది తేలిక, మరమ్మతు సులువు. చాలా మోడళ్లలో ఇంధనంలోనే ఆయిల్‌ కలపాలి.

రెండోది నాలుగు స్ట్రోకుల పెట్రోల్‌ అవుట్‌బోర్డ్‌. పొగ, చప్పుడు తక్కువ. ఆయిల్‌ విడిగా సంపులో ఉంటుంది.

మూడోది కిరోసిన్‌తో నడిచే అవుట్‌బోర్డ్‌. కోస్తా మత్స్యకారుల్లో వాడుక ఎక్కువ. పెట్రోల్‌తో స్టార్ట్‌ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు మారుస్తారు.

నాలుగోది పడవ లోపల బిగించే డీజిల్‌. పెద్ద లాంచీలకు, రేవు పడవలకు ఇదే వాడతారు. లారీ ఇంజిన్‌లను పడవకు అనువుగా మార్చినవి కూడా ఈ కోవలో ఉన్నాయి.

ప్రతి రకానికీ రన్నింగ్‌ పద్ధతి వేరు. ఒకే రకంలోనైనా కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది. కాబట్టి ఇంజిన్‌తో వచ్చిన పుస్తకమే తుది మాట. కింది వివరాలు ఆ పుస్తకాన్ని అర్థం చేసుకోవడానికే తప్ప దానికి బదులు కాదు.

నీటిలో దించకముందు

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌ను ఆయిల్‌ లేకుండా పంపే కంపెనీలు ఉన్నాయి. గేజు కడ్డీ చూడకుండా స్టార్ట్‌ చేస్తే కొత్త ఇంజిన్‌ అక్కడికక్కడే పాడవుతుంది. అవుట్‌బోర్డ్‌లకు నాలుగు స్ట్రోకులైతే ఎఫ్‌సీ-డబ్ల్యూ, రెండు స్ట్రోకులైతే టీసీ-డబ్ల్యూ3 గుర్తున్న ఆయిల్‌ను కంపెనీలు సూచిస్తాయి. బైకులకు వాడే 2టీ ఆయిల్‌ అవుట్‌బోర్డ్‌కు తగదు. నీటితో చల్లబడుతూ గంటల తరబడి ఒకే బరువు మోసే ఇంజిన్‌కు, గాలితో చల్లబడే బైకు ఇంజిన్‌కు అవసరాలు వేరు. తొలి గంటల్లో కంపెనీ చెప్పని ఖరీదైన ఆయిల్‌నో, అదనపు రసాయనాలనో పోయడం వల్ల మేలు లేదు.

పెట్రోల్‌ విషయంలో ఇప్పుడు కొత్త జాగ్రత్త అవసరమైంది. దేశంలో అమ్ముతున్న పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్‌ కలుస్తోంది. చాలా అవుట్‌బోర్డ్‌ కంపెనీల పుస్తకాలు 10 శాతం వరకే అనుమతిస్తున్నాయి. కొనేటప్పుడే ఈ సంగతి డీలర్‌ను అడిగి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. ఇథనాల్‌ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచితే నీరు, ఇథనాల్‌ కలిసి అడుక్కు చేరతాయి. నీటిని వేరుచేసే ఫిల్టర్‌ బిగించాలి. పాత పెట్రోల్‌తో రన్నింగ్‌ మొదలుపెట్టకూడదు.

అవుట్‌బోర్డ్‌ తన చుట్టూ ఉన్న నీటినే పీల్చి ఇంజిన్‌ను చల్లబరుస్తుంది. పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ నీళ్లు లేకుండా తిరిగితే క్షణాల్లోనే దెబ్బతింటుంది. స్టార్ట్‌ చేయగానే పక్క రంధ్రం నుంచి సన్నని నీటిధార వస్తోందో లేదో చూడాలి. చెరువుల్లో నాచు, గుర్రపుడెక్క, వేసవిలో బురద నీరు ఈ దారిని మూసేస్తాయి. గోదావరి ఇసుక ఇంపెల్లర్‌ను అరగదీస్తుంది. ధార ఆగితే ఇంజిన్‌ను ఆపాల్సిందే.

గంటల వారీ పద్ధతి

నాలుగు స్ట్రోకుల అవుట్‌బోర్డ్‌కు సాధారణంగా మొదటి 10 గంటలు రన్నింగ్‌. యమహా పుస్తకాలు మొదటి గంట నిమిషానికి 2000 చుట్ల వరకు, లేదా సుమారు సగం థ్రాటిల్‌తో, వేగం మారుస్తూ నడపమంటాయి. రెండో గంటలో వేగం ఇంకొంత పెంచవచ్చు, ఫుల్‌ థ్రాటిల్‌ మాత్రం ఇవ్వకూడదు. మిగతా ఎనిమిది గంటలు ఏ వేగమైనా ఫర్వాలేదు కానీ ఫుల్‌ థ్రాటిల్‌ ఒక్కసారికి ఐదు నిమిషాలు దాటకూడదు. మెర్క్యురీ నాలుగు స్ట్రోకుల మోడళ్లలో కొన్నిటికి మొదటి గంటలోనే పది నిమిషాలకోసారి సుమారు ఒక నిమిషం ఫుల్‌ థ్రాటిల్‌ ఇవ్వమంటారు. రెండు మాటలూ ఎదురెదురుగా కనిపించినా సారం ఒకటే: ఒకే వేగం మీద ఉండొద్దు, ఖాళీగా తిప్పొద్దు, ఎక్కువసేపు దంచొద్దు.

ఇంధనంలో ఆయిల్‌ కలిపే రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో తొలి గంటలకు ఆయిల్‌ పాలు పెంచుతారు. మామూలుగా 50 పాళ్ల పెట్రోల్‌కు 1 పాలు ఆయిల్‌ వాడే ఇంజిన్‌కు రన్నింగ్‌లో 25కు 1 చొప్పున కలపమని చెప్పే మోడళ్లు ఉన్నాయి. అంటే 10 లీటర్ల పెట్రోల్‌కు 200 మిల్లీలీటర్ల బదులు 400 మిల్లీలీటర్లు. రన్నింగ్‌ ముగిశాక మళ్లీ మామూలు పాలుకు రావాలి. లేకపోతే ప్లగ్గు తడిసి, మసి పేరుకుంటుంది.

డీజిల్‌కు గడువు ఎక్కువ. యాన్మార్‌ తన పడవ ఇంజిన్‌లకు మొదటి 50 గంటలను రన్నింగ్‌గా లెక్కించి, అది ముగియగానే ఆయిల్‌, ఫిల్టర్‌ మార్చమంటుంది. డీజిల్‌ ఇంజిన్‌ను ఖాళీగా గంటల తరబడి తిప్పడం పెట్రోల్‌ ఇంజిన్‌కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. చల్లటి సిలిండర్‌లో డీజిల్‌ పూర్తిగా మండక గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, మసిని పెంచుతుంది. బాగా వేడెక్కనిచ్చి, తగిన బరువుతో, వేగం మారుస్తూ నడపాలి. ఆపే ముందు కొద్ది నిమిషాలు నిదానంగా తిప్పి చల్లారనివ్వాలి.

ఈ గంటలన్నీ అవర్‌ మీటరు చూసి పుస్తకంలో రాయాలి. తేదీ, గంటలు, చుట్లు, వేసిన బరువు, పోసిన ఆయిల్‌ అందులో ఉండాలి. వారంటీ అడిగేటప్పుడు ఆ పుస్తకమే సాక్ష్యం. నడిపే మనిషి మారినప్పుడు కొత్తవాడికి దారి చూపేదీ అదే. రన్నింగ్‌కు ఒంటరిగా వెళ్లకూడదు. లైఫ్‌ జాకెట్‌ వేసుకుని, ఇంజిన్‌ ఆపే తాడును ఒంటికి తగిలించుకుని, తెడ్డు, లంగరు వెంట ఉంచుకోవాలి.

ప్రొపెల్లర్‌ పరీక్ష

రన్నింగ్‌ ముగిశాక, పడవలో మామూలుగా ఉండే బరువుతో కొద్దిసేపు ఫుల్‌ థ్రాటిల్‌ ఇచ్చి చుట్లు చూడాలి. పుస్తకంలో రాసిన గరిష్ఠ పరిధి, ఉదాహరణకు 5000 నుంచి 6000 చుట్లు, అందుతోందో లేదో ఇక్కడ తేలుతుంది. అందకపోతే ప్రొపెల్లర్‌ పిచ్‌, అంటే ఒక్క చుట్టుకు అది ముందుకు పోవాల్సిన దూరం, ఎక్కువైనట్టు. అది ఇంజిన్‌ను ఎప్పుడూ అధిక బరువు కింద అణిచి ఉంచుతుంది. పరిధి దాటిపోతే పిచ్‌ తక్కువైనట్టు. పిచ్‌ ఒక్క అంగుళం తగ్గిస్తే చుట్లు సుమారు 150 నుంచి 200 దాకా పెరుగుతాయి. ఖాళీ పడవలో సరిపోయిన ప్రొపెల్లర్‌ పదిమంది ఎక్కితే సరిపోకపోవచ్చు. వరద పడవకు ఈ పరీక్షను నిండు బరువుతోనే చేయాలి, ఎందుకంటే అది ఎదురు ప్రవాహంలో మనుషులను మోయాల్సిన పడవ.

మొదటి సర్వీసు

చాలా అవుట్‌బోర్డ్‌లకు మొదటి సర్వీసు 20 గంటలకు, ఆ తరువాత ప్రతి 100 గంటలకు. మొదటి సర్వీసులో ఇంజిన్‌ ఆయిల్‌తో పాటు ఆయిల్‌ ఫిల్టర్‌, కింది గేరు పెట్టెలోని ఆయిల్‌ కూడా మార్చాలి. గేరు ఆయిల్‌ పాలలా తెల్లబడి ఉంటే సీలు గుండా నీరు చేరిందని అర్థం. సన్నని లోహపు పొడి కనిపించడం సహజం. ముక్కలు కనిపిస్తే ప్రమాద సూచన. బోల్టులు, ఇంధన గొట్టాల జాయింట్లు, స్టీరింగ్‌, బ్యాటరీ తీగలు మళ్లీ బిగించి చూడాలి. కొత్త ఇంజిన్‌ బాగానే నడుస్తోంది కదా అని ఈ సర్వీసును వాయిదా వేస్తే, రన్నింగ్‌లో రాలిన పొడే ఇంజిన్‌ను అరగదీస్తుంది.

రింగులు కూర్చున్నాయనడానికి గుర్తులు ఇవి: ఆయిల్‌ మట్టం నిలకడగా ఉండటం, నీలి పొగ తగ్గడం, ఇంజిన్‌ ఒకే తీరుగా తిరగడం, గరిష్ఠ చుట్లు అందడం. 20 గంటల తరువాత కూడా ఆయిల్‌ తగ్గుతూ ఉంటే డీలర్‌కు అప్పుడే రాతపూర్వకంగా తెలపాలి.

వరద పడవలు

2023 జూలై చివరి వారంలో ఈ ప్రాంతం మీద కుండపోత కురిసింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. అది తెలంగాణ రికార్డు. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 600 మిల్లీమీటర్లు దాటింది. జూలై 27 తెల్లవారేసరికి మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తింది. జనం ఇళ్ల పైకప్పులెక్కి ఎదురుచూశారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చి వాళ్లను బయటికి తెచ్చాయి. 2024 సెప్టెంబర్‌ 1న మహబూబాబాద్‌ జిల్లాలో ఆకేరు పొంగింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది.

ఇలాంటి రోజున పడవ ఇంజిన్‌ తాడు లాగితే అందుకోవాలి. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళానికి చెందిన 10వ బెటాలియన్‌ విజయవాడ సమీపంలో ఉంది. అక్కడి నుంచి భూపాలపల్లికి రోడ్డు దారి గంటల మీద పని, అదీ దారులు తెగకుండా ఉంటే. కాబట్టి జిల్లాలో ఉన్న పడవలే మొదటి ఆసరా.

వానాకాలం ముంగిట కొన్న కొత్త ఇంజిన్‌ను పెట్టెలోంచి తీసి నేరుగా వరదలోకి దించితే, మొదటి నిమిషం నుంచే ఫుల్‌ థ్రాటిల్‌ ఇవ్వక తప్పదు. ప్రాణాలు కాపాడే వేళ ఇంజిన్‌ గురించి ఆలోచించలేం, ఆలోచించకూడదు కూడా. ఆ ఆలోచన ముందే ముగిసి ఉండాలి. ఈ జిల్లాల్లో చెరువులు మత్తడి దూకి నిండుగా ఉండే కాలం వానలు వెనకపట్టిన అక్టోబర్‌ నుంచి ఫిబ్రవరి దాకా. మే వచ్చేసరికి చాలా చెరువుల్లో నీళ్లు అడుగంటుతాయి, రన్నింగ్‌కు చోటే దొరకదు. కాబట్టి కొనుగోలు చలికాలానికి ముందే జరగాలి. రన్నింగ్‌, మొదటి సర్వీసు, నిండు బరువు పరీక్ష ఫిబ్రవరిలోపు పూర్తి కావాలి. ఆ తరువాత నెలకోసారి నీటిలో దించి, బరువుతో కొంతసేపు నడిపి, పాత పెట్రోల్‌ తీసేసి ఉంచాలి. షెడ్డులో ఐదు నిమిషాలు తిప్పి ఆపేయడం వల్ల ఇంజిన్‌లో తేమ పెరుగుతుందే తప్ప మేలు లేదు.

చట్టం, శిక్షణ

1917 నాటి ఇన్‌లాండ్‌ వెసల్స్‌ చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. యాంత్రిక పడవల సర్వే, రిజిస్ట్రేషన్‌, నడిపేవారి అర్హత పత్రాలు, భద్రతా సామగ్రి దాని పరిధిలోకి వస్తాయి. గోదావరి, కృష్ణల్లో గత కొన్నేళ్లలో జరిగిన ఘోర పడవ ప్రమాదాలు ఈ నియమాలు ఎందుకు కావాలో చాటి చెప్పాయి.

పడవ ఇంజిన్‌ పని నేర్చుకోవాలంటే తెలుగు నేల మీదే చోటుంది. విశాఖపట్నంలో కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్‌ యూనిట్‌ పడవ నడపడంలోనూ, మెరైన్‌ ఫిట్టర్‌ పనిలోనూ యువతకు తర్ఫీదు ఇస్తోంది. కాకినాడలో మత్స్య సాంకేతిక సంస్థ మత్స్యకారులకు శిక్షణ ఇస్తోంది. జనగామ, మహబూబాబాద్‌, భూపాలపల్లి పట్టణాల్లో ట్రాక్టర్‌, ఆయిల్‌ ఇంజిన్‌ మెకానిక్‌లకు కొదవ లేదు. రింగు, బోరు, పంపు వాళ్లకు కొత్త కాదు. ఇంపెల్లర్‌, గేరు పెట్టె సీళ్లు, ప్రొపెల్లర్‌ లెక్క నేర్పితే చాలు, పడవ మరమ్మతు కోసం తీరం దాకా పోయే అవసరం తప్పుతుంది.

ముగింపు

కొత్త పడవ కొనేటప్పుడు ధరలో, హార్స్‌పవర్‌లో చూపే శ్రద్ధలో కొంతైనా మొదటి 20 గంటల మీద చూపాలి. అవుట్‌బోర్డ్‌కైతే పది గంటల ఇంధనం, ఒక ఆయిల్‌ మార్పు, తేదీలు రాసిన ఒక పుస్తకం: రన్నింగ్‌కయ్యే అసలు ఖర్చు ఇంతే. మత్స్య సహకార సంఘాలు, పర్యాటక శాఖ, జిల్లా విపత్తు నిర్వహణ అధికారులు పడవ కొనుగోలు ఒప్పందంలోనే రన్నింగ్‌ను, మొదటి సర్వీసును, నిండు బరువు పరీక్షను షరతులుగా చేర్చాలి. వాటి నమోదు పుస్తకం చూశాకే పడవను పనిలోకి తీసుకోవాలి.